ఉల్కాశకలం కోసం ఎక్కడ మొదలుపెట్టాలి: పొలంలోనా, డాబా మీదా, కొనుక్కునా?

జగిత్యాల వైపు మా బంధువుల పొలంలో దుక్కి దున్నినప్పుడల్లా నల్లటి రాళ్లు పైకి తేలేవి. చేతికి బరువుగా ఉండేవి, అయస్కాంతం చూపిస్తే టక్కున అతుక్కునేవి. పెద్దవాళ్లు వాటిని పిడుగురాళ్లనేవారు. కాలేజీలో చేరాక అవి ఉల్కలేనని గట్టిగా నమ్మాను. ఒకదాన్ని సుత్తితో పగలగొట్టి చూస్తే లోపలంతా చిన్న చిన్న బుడగల గుంతలు. అది ఆకాశం నుంచి వచ్చిన రాయి కాదు. ఎన్నో తరాల కిందట ఆ చుట్టుపక్కలే ఇనుప ఖనిజాన్ని కరిగించిన కొలిమిలోంచి బయటపడ్డ చిట్టెం. కోనసముద్రం ఉక్కు దేశదేశాలకు వెళ్లిన ప్రాంతం అది. అక్కడి పొలాల్లో చిట్టెం దొరక్కపోతేనే ఆశ్చర్యపడాలి.

ఉల్కాశకలాన్ని గుర్తుపట్టాలంటే ముందు మన నేల మీది రాళ్లను గుర్తుపట్టడం రావాలని ఆ రాయే నాకు నేర్పింది. ఇక్కడ రాస్తున్నది కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం: ఏ దారిలో వెళ్తే ఏం దొరుకుతుంది, ఏ పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు.

పదాల గురించి ఒక మాట. ఆకాశంలో గీతలా వెలిగి ఆరిపోయేది ఉల్క. పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరిన రాయి ఉల్కాశకలం. వాడుకలో రెండింటినీ ఉల్క అనేస్తాం, నేనూ అక్కడక్కడ అలాగే రాస్తాను.

నాలుగు దారులున్నాయి. పొలాల్లో, గుట్టల్లో నడిచి వెతకడం. డాబా మీది దుమ్ములో సూక్ష్మ ఉల్కలను పట్టడం. నమ్మకమైన చోట ఒక ముక్క కొనుక్కోవడం. ఎక్కడైనా ఉల్క పడిందని తెలిస్తే వెంటనే అక్కడికి వెళ్లడం. నా సలహా ముందే చెప్తాను. మొదట చవకలో దొరికే ఒక రాతి ఉల్క ముక్క కొని చేత్తో పట్టుకుని చూడండి. ఆ తర్వాత డాబా ఎక్కండి. పొలాల్లో వెతకడాన్ని ప్రత్యేకంగా పెట్టుకోకండి, వేరే పని మీద నడిచినప్పుడు కళ్లు తెరిచి ఉంచితే చాలు. ఉల్క పడిన వార్త మాత్రం ఏళ్ల తరబడి రాకపోవచ్చు, వచ్చిన రోజు మిగతావన్నీ పక్కన పెట్టండి.

పొలాల్లో వెతికితే

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు జనం తల వంచుకుని పొలాల్లో నడుస్తారు. వాన మట్టిని కడిగితే వజ్రం తళుక్కుమంటుందని ఆశ. ఉల్కల కోసం నడిచేవాళ్లు కూడా చూడ్డానికి అలాగే కనిపిస్తారు. కానీ వజ్రం కోసం వెతికేవాళ్లకు వాన ఎంత మేలు చేస్తుందో, ఉల్కల కోసం వెతికేవాళ్లకు అంత కీడు చేస్తుంది. వజ్రం ఎన్ని యుగాలు మట్టిలో ఉన్నా చెక్కుచెదరదు. ఉల్కాశకలంలో ఉండే ఇనుము, నికెల్ రేణువులకు తడి తగలగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉబ్బి రాయిని లోపలి నుంచే పగలగొడుతుంది. మన వానలకు, వేడికి రాతి ఉల్క కొంతకాలానికి ఎర్రమట్టిలో కలిసిపోతుంది.

ఇప్పటివరకు ప్రపంచంలో నమోదైన 70 వేలకు పైగా ఉల్కాశకలాల్లో అత్యధికం అంటార్కిటికా మంచు మీద, సహారా, ఒమన్, అటకామా లాంటి ఎడారుల్లో దొరికింది అందుకే. 1969లో జపాన్ పరిశోధకులు అంటార్కిటికాలోని యమాటో పర్వతాల దగ్గర ఒకేచోట తొమ్మిది శకలాలు ఏరారు. ఆ తర్వాతే అక్కడికి ప్రత్యేకంగా ఉల్కల కోసమే వెళ్లడం మొదలైంది. తెల్లటి మంచు మీద నల్లరాయి దూరం నుంచే కనిపిస్తుంది. మన నల్లరేగడిలో, ఎర్రచెల్కలో ఆ సౌకర్యం లేదు.

తెలుగు నేల మీద ఉల్కలు పడలేదని కాదు. నెల్లూరు ప్రాంతంలో 1852లో పడిన యాటూర్ (Yatoor) రాతి ఉల్క, నాటి విశాఖపట్నం జిల్లాలో 1870లో పడిన నెడగొల్ల ఇనుప ఉల్క ప్రపంచ జాబితాల్లో ఉన్నాయి. ఈ రెండూ పడుతుండగా మనుషులు చూసినవే. ఎవరో నడుస్తూ నడుస్తూ యాదృచ్ఛికంగా ఏరినవి కావు. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే మీ శ్రమ ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

అమెరికాలో, ముఖ్యంగా ఆరిజోనా, నెవాడా వైపు ఉన్న తెలుగువాళ్లకు మాత్రం నా సలహా తలకిందులవుతుంది. అక్కడి ఎడారుల్లో నిజంగానే వెతకొచ్చు. ఆరిజోనాలోని గోల్డ్ బేసిన్‌లో 1995లో బంగారం కోసం మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగిన వ్యక్తికి ఉల్కలు దొరికాయి, ఆ తర్వాత అక్కడ వేల ముక్కలు బయటపడ్డాయి. ఫెడరల్ భూముల శాఖ బీఎల్ఎం చూసే భూముల్లో సొంతానికి మనిషికి ఏడాదికి 10 పౌండ్ల వరకు అనుమతి లేకుండా ఏరుకోవచ్చు. నేషనల్ పార్కుల్లో ముట్టుకోకూడదు. ప్రైవేటు భూమిలో దొరికింది ఆ భూమి యజమానిది. వెళ్లే ముందు ఆ స్థలం ఎవరి కిందకి వస్తుందో మ్యాప్‌లో చూసుకోండి.

మన దగ్గర ఉల్కలా కనిపించే రాళ్లు

కాస్త ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే, ఎందుకంటే మీ చేతికి వచ్చే నూటికి నూరు రాళ్లూ వీటిలో ఒకటే కావచ్చు.

చిట్టెం గురించి చెప్పాను. తెలంగాణలో పాత కొలిముల చుట్టుపక్కల, ఇనుము కరిగించిన ప్రతిచోటా ఉంటుంది. నల్లగా, బరువుగా ఉంటుంది, అయస్కాంతానికి అంటుతుంది, పైన కరిగి పారినట్టు ముడతలు కూడా ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు మోసపోవడానికి కావలసినవన్నీ దీనిలో ఉన్నాయి. పట్టించేది బుడగలే. ఉల్కాశకలంలో గాలిబుడగల గుంతలు దాదాపు ఉండవు. రాయి స్పాంజిలా, తేనెతుట్టెలా కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

ఒంగోలు దగ్గర కొణిజేడు గుట్టల్లో, కరీంనగర్ వైపు దొరికే మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం అయస్కాంతానికి ఉల్క కంటే గట్టిగా అంటుతుంది. బయ్యారం, ఓబుళాపురం వైపు ఉండే మరో ఇనుప ఖనిజం హెమటైట్ ఉక్కులా మెరుస్తుంది, బరువు కూడా ఎక్కువే. చీపురుపల్లి, గరివిడి వైపు, ఆదిలాబాద్‌లో దొరికే మాంగనీసు ఖనిజం బొగ్గులా నల్లగా ఉంటుంది, చేతికి మసి అంటుతుంది. మంగంపేట ముగ్గురాయిని మొదటిసారి ఎత్తినవాళ్లు దాని బరువుకు ఉలిక్కిపడతారు, అది బెరైటీస్, దానిలో ఇనుముతో పని లేదు. తెలంగాణ గుట్టల మీదుగా గోడలా సాగే నల్లరాయి డోలరైట్. ఎండకు వానకు కోణాలు అరిగి గుండ్రమై, పైన గోధుమరంగు పొరతో ఉంటుంది. దానిలో కొద్దిగా మాగ్నెటైట్ ఉంటుంది కాబట్టి దారానికి కట్టిన అయస్కాంతం దాని వైపు కొంచెం ఒరుగుతుంది. జహీరాబాద్ వైపు మొరం నేలల్లో గోలీల్లాంటి ఎర్రనల్ల గుండ్లు ఉంటాయి, అవి నేలలోనే ఇనుము గడ్డకట్టి తయారైనవి.

పిడుగురాళ్ల అనే ఊరి పేరు విన్నప్పుడల్లా నాకు ఆ పాత నమ్మకం గుర్తొస్తుంది. అక్కడ దొరికేది సున్నపురాయి. పిడుగు పడ్డచోట రాయి దిగదు. పిడుగుకీ ఉల్కకీ సంబంధం లేదు.

ఉల్క అయితే ఎలా ఉంటుంది

పడుతుండగా చూసి సేకరించిన ఉల్కల్లో నూటికి 94 దాకా రాతివే. ఇనుపవి ఐదు, రాయీ ఇనుమూ కలిసినవి ఒకటి. సినిమాల్లో చూపించే గుంతలు పడ్డ ఇనుప ముద్దను మనసులోంచి తీసేయండి. మీకు ఎదురయ్యే అవకాశం ఉన్నది కాండ్రైట్ అనే రాతి ఉల్క.

కొత్తగా పడిన దాని మీద నల్లటి కాలిన పెంకు ఉంటుంది. మందం కోడిగుడ్డు పెంకంత, ఒక మిల్లీమీటరు దాటడం అరుదు. ఒక మూల విరిగితే లోపల బూడిదరంగు సిమెంటు లాంటి రాయి కనిపిస్తుంది. పైన నలుపు, లోపల లేతరంగు, మధ్యలో గీసినట్టు స్పష్టమైన హద్దు: కొత్త ఉల్కకు ఇంతకంటే మంచి గుర్తు లేదు. కోణాలు కరిగి నునుపుగా ఉంటాయి. కొన్నిటి మీద తడిమట్టి ముద్దను బొటనవేలితో నొక్కినట్టు లోతు తక్కువ గుంటలుంటాయి. పాతబడితే పెంకు గోధుమరంగుకు మారుతుంది, చాలాచోట్ల రాలిపోతుంది.

లోపల ఆవగింజలంత గుండ్రటి గింజలు కనిపిస్తే అవి కాండ్రూల్స్. సూర్యుడి చుట్టూ గ్రహాలు ఏర్పడక ముందు కరిగి గడ్డకట్టిన బొట్లు అవి, వయసు సుమారు 456 కోట్ల ఏళ్లు. ఒక కోసిన ముక్కను భూతద్దం కింద పెట్టి ఆ గింజలను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు తల ఎత్తలేకపోయాను. ఈ రాతిలో మరో గుర్తు, మధ్యమధ్యలో వెండిరంగు లోహపు చుక్కలు. చెకుముకి రాయిలా తెల్లగా గాజులా మెరిసే స్ఫటికం కనిపిస్తే అది మన భూమి రాయే.

ఏ పరీక్ష ఎంత నమ్మాలి

చాలామంది అయస్కాంతంతో మొదలుపెట్టి అయస్కాంతంతోనే ముగిస్తారు. నా వరుసలో అది చివరిది.

మొదటిది కళ్లు. బుడగలున్నాయా, తెల్లటి స్ఫటికాలున్నాయా, పొరలు పొరలుగా ఉందా? ఉంటే కాదు. పది రాళ్లలో ఎనిమిది ఇక్కడే పోతాయి, పైసా ఖర్చు లేదు.

రెండోది గీత పరీక్ష. గోడకు వేసే టైల్ వెనుక గరుకుగా ఉంటుంది కదా, దాని మీద రాయిని గట్టిగా గీయండి. జేగురురంగు గీత పడితే హెమటైట్. చిక్కటి నలుపు, ముదురు బూడిదరంగు పడితే మాగ్నెటైట్. తాజా ఉల్క గీత పెట్టదు, లేదా లేత బూడిదరంగు జాడ మాత్రం వదులుతుంది. ఖనిజపు రాళ్లను ఏరిపారేయడానికి ఇంత తేలికైన పరీక్ష లేదు. కానీ గీత పడనంత మాత్రాన ఉల్క అయిపోదు, డోలరైట్ కూడా పెద్దగా గీత పెట్టదు.

మూడోది సాంద్రత. దీన్ని నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే ఇది అంకె చెబుతుంది. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. రాయిని పొడిగా తూచి బరువు రాసుకోండి. త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారానికి కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ అంచులకు గానీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపే గ్రాములు రాయి ఘనపరిమాణంతో సమానం. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. 350 గ్రాముల రాయికి నీళ్లలో 100 చూపిస్తే సాంద్రత 3.5.

గ్రానైట్ 2.7 దగ్గర వస్తుంది. డోలరైట్, బసాల్ట్ 3 చుట్టూ. మామూలు కాండ్రైట్ 3.2 నుంచి 3.8 మధ్య. బెరైటీస్ 4 దాటుతుంది. మాగ్నెటైట్, హెమటైట్ 5 దగ్గర. ఇనుప ఉల్క 7.5 నుంచి 8. చిట్టెం మాత్రం ఎక్కడైనా పడొచ్చు, కాండ్రైట్ అంకె దగ్గరకు కూడా వస్తుంది. దాన్ని బుడగలతోనే పట్టుకోవాలి. ఒక జాగ్రత్త: నిన్నో మొన్నో కళ్లముందు పడిన రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లలో ముంచకండి. ఈ పరీక్ష ఎప్పటి నుంచో నేల మీద పడి ఉన్న రాళ్లకే.

నాలుగోది కిటికీ తీయడం. ఇంతవరకు అన్నిటిలోనూ నిలబడిన రాయి అయితేనే చేయండి. ఎమెరీ కాగితం మీదో సానరాయి మీదో ఒక మూలను గోరంత మేర అరగదీయండి. భూతద్దంతో చూస్తే లోహపు చుక్కలు కనిపించాలి. వెండిరంగైతే ఆశ పెట్టుకోవచ్చు. ఇత్తడిరంగైతే అది పైరైట్ అనే ఖనిజం కావచ్చు. మెరుపే లేకపోతే ఉల్క అయ్యే అవకాశం బాగా తగ్గిపోతుంది. సుత్తితో మాత్రం పగలగొట్టకండి. నేను చేసింది చిట్టెం కాబట్టి నష్టం లేకపోయింది.

ఇక అయస్కాంతం. ఇనుము ఎక్కువున్న కాండ్రైట్లకు బాగా అంటుతుంది, తక్కువున్న వాటికి అంతంతమాత్రం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరు ప్రాంతంలోని సూలగిరిలో 2008 సెప్టెంబరు 12న మొత్తం సుమారు 110 కిలోల ఉల్క పడింది. అది లోహం బాగా తక్కువుండే రకం. గుజరాత్‌లోని దియోదర్‌లో 2022 ఆగస్టు 17న పడింది ఆబ్రైట్ అనే అరుదైన రకం, లేతరంగులో ఉంటుంది, లోహం అతి తక్కువ. మన దేశంలో అంతకుముందు అలాంటిది పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర. అయస్కాంతాన్నే నమ్ముకున్నవాళ్లు ఇలాంటి రాయిని గట్టు మీద పారేసి వెళ్తారు. అదే మనిషి మాగ్నెటైట్ ముక్కను మాత్రం బీరువాలో దాచుకుంటాడు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య అందరి దగ్గరా ఉండే నియోడిమియం అయస్కాంతాలు చాలా శక్తివంతమైనవి. ఉల్కాశకలంలో కోట్ల ఏళ్ల నాటి అయస్కాంత జాడలుంటాయి, ఆ రాయి పుట్టిన చోట అయస్కాంత క్షేత్రం ఎలా ఉండేదో శాస్త్రవేత్తలు వాటిని బట్టే తెలుసుకుంటారు. అయస్కాంతం ఒక్కసారి తాకిస్తే ఆ జాడ చెరిగిపోతుంది. అంగారకుడి నుంచి వచ్చిన, బ్లాక్ బ్యూటీ అని పిలిచే ప్రసిద్ధ శకలం ముక్కలకు ఇలాగే నష్టం జరిగిందని 2023లో వెలువడిన పరిశోధన చెప్పింది. కాబట్టి రాయికి అయస్కాంతం తాకించకండి. మామూలు దిక్సూచి దగ్గరికి రాయిని తెచ్చి ముల్లు కదులుతుందేమో చూడండి. మనకు కావలసిన సమాధానం దానితో వచ్చేస్తుంది.

నికెల్ పరీక్ష గురించి కూడా అడుగుతుంటారు. డైమిథైల్ గ్లయాక్సిమ్, అమోనియాతో చేసే ఈ పరీక్షలో నికెల్ ఉంటే గులాబీరంగు వస్తుంది. ఇనుప ముక్క దొరికినవాళ్లకు ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఇనుప ఉల్కల్లో నికెల్ సాధారణంగా 5 శాతానికి పైనే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్లోనూ నికెల్ ఉంటుందని మరవద్దు. ఇంట్లో వద్దు, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాస్టారి దగ్గర చేయించుకోండి. బంగారం షాపుల్లో ఉండే పరీక్ష మెషీన్ మీద రాయి పెట్టించి ఆ చీటీ తెచ్చేవాళ్లున్నారు. ఆ మెషీన్‌ను బంగారం, వెండి కొలవడానికి సరిచేసి ఉంచుతారు. రాయి మీద అది చెప్పే పేర్లను నమ్మి ఆశ పెంచుకోవద్దు.

డాబా మీది దుమ్ము

పిల్లలున్న ఇంటికి, ఊరు కదలలేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. భూమి మీద ఏటా వేల టన్నుల అంతరిక్ష ధూళి రాలుతుంది. అది ఎడారి మీద ఎలా పడుతుందో కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ మీద కూడా అలాగే పడుతుంది. నగరాల్లోని దుమ్ములో వీటిని వేరుచేయడం అసాధ్యమని చాలాకాలం అనుకున్నారు. నార్వేకు చెందిన జాజ్ గిటారిస్ట్ యోన్ లార్సెన్ ఏళ్ల తరబడి ఇళ్ల కప్పుల మీది చెత్త వెతికి, లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త మాథ్యూ గెంజ్‌తో కలిసి అది తప్పని చూపించాడు. 300 కిలోల గట్టర్ మట్టిలోంచి 500 సూక్ష్మ ఉల్కలు తీశారు. శాస్త్రవేత్త కానివాడు మొదలుపెట్టిన పని ఇంత దూరం వెళ్లడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

పద్ధతి సులువే, ఓపికే ఎక్కువ కావాలి. డాబా మీద నీళ్లు పోయే గొట్టం మూతి దగ్గర పేరుకున్న మట్టిని మే నెల చివర్లో, వానలకు ముందు తీయండి. బకెట్‌లో డిటర్జెంట్ నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, తేలిన ఆకులు, చెత్త వంచేయండి. ఆరబెట్టి, సన్నటి జల్లెడ పట్టండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఆ పొడి మీద తిప్పండి. ఇక్కడ అయస్కాంతం వాడినా ఫర్వాలేదు. అంటుకున్నదాన్ని తెల్ల కాగితం మీద దులిపి మైక్రోస్కోప్ కింద చూడండి. మీరు వెతికేది ఒక మిల్లీమీటరులో మూడో వంతు ఉండే గుండు.

మన దగ్గర ఉండే కష్టం కూడా చెప్పాలి. గ్రిల్ వెల్డింగ్, కటింగ్ మెషీన్ల నుంచి ఎగిరే నిప్పురవ్వలు గాల్లోనే గడ్డకట్టి సరిగ్గా ఇలాంటి గుండ్లే అవుతాయి. దీపావళి కాకరపువ్వొత్తుల్లో ఇనుప రజను ఉంటుంది, అది కూడా అంతే. కాబట్టి చుట్టుపక్కల కొత్త కట్టడం జరుగుతుంటే ఆ డాబా వదిలేయండి. పక్కన షెడ్లు లేని పల్లెటూరి బడి డాబా దొరికితే అంతకంటే మంచిది లేదు. విశాఖ, భీమిలి తీరంలోనైతే గాలికి వచ్చే నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటే రేణువులు విపరీతంగా ఉంటాయి, పని పదింతలవుతుంది. అద్దంలా నున్నగా మెరిసే గుండ్లు, తోక ఉన్నవి, లోపల బోలుగా ఉన్నవి చాలావరకు మనుషులు చేసినవే. అసలైన వాటి మీద సన్నటి చారలో, చెట్టుకొమ్మల్లాంటి అల్లికో, తాబేలు చిప్ప లాంటి గరుకుదనమో ఉంటుంది. మొదటి నెలలో ఒక్కటీ దొరక్కపోవచ్చు. ఫొటోలు తీసి భద్రపరచండి, కళ్లు అలవాటు పడ్డాక పాత ఫొటోల్లోనే ఒకటి కనిపించవచ్చు.

కొనుక్కోవాలంటే

కొనడం దొంగదారి అనుకోవద్దు. వైద్య విద్యార్థి ముందు ఆరోగ్యంగా ఉన్న గుండె చప్పుడు వింటాడు, తర్వాతే తేడా పట్టగలుగుతాడు. ఇదీ అంతే. వాయవ్య ఆఫ్రికా ఎడారుల నుంచి వచ్చే మామూలు కాండ్రైట్లు ఉల్కల్లో అన్నిటికంటే చవక. 20, 30 గ్రాముల ముక్క చాలు. ఒకవైపు కోసి నునుపు చేసిందే అడగండి, అప్పుడే లోపలి గింజలు, లోహపు చుక్కలు కనిపిస్తాయి.

ఇనుపదా రాతిదా అంటే నేను రాతిదే అంటాను. ఇనుపది చూడ్డానికి అందంగా ఉంటుంది, ఆమ్లంతో కడిగితే పైన ఒకదాన్నొకటి దాటే గీతల అల్లిక తేలుతుంది. కానీ అది చూసినందువల్ల పొలంలో రాయిని గుర్తుపట్టడం రాదు. పైగా బాగా అమ్ముడయ్యే కాంపో డెల్ సియెలో రకం ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ ఉప్పుగాలిలో దాన్ని సిలికా జెల్ డబ్బాలో దాచుకోవాల్సి వస్తుంది. ఆ ఉల్క అర్జెంటీనాది, ఆ దేశం 2007 నుంచి చట్టం చేసి ఎగుమతి ఆపింది. ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో కాగితం లేనిది కొనకండి.

అమ్మేవాళ్లను అడగాల్సినవి రెండే. దాని పేరు, నంబరు ఏమిటి? ఉల్కలను అధికారికంగా నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ మెటియోరిటికల్ సొసైటీ డేటాబేస్‌లో అది ఉందా? పేరు చెబితే మీరే ఫోన్‌లో వెతికి చూసుకోవచ్చు. అంతర్జాతీయ ఉల్కల సేకర్తల సంఘం ఐఎమ్‌సీఏలో సభ్యులైతే ఇంకా మంచిది. మోల్డవైట్ అని ఆకుపచ్చ గాజును ఉల్కగా అమ్ముతుంటారు. అది ఉల్క దెబ్బకు భూమి రాయి కరిగి ఏర్పడ్డ గాజు. అందంగా ఉంటుంది, ఉల్క మాత్రం కాదు.

ఇక మన ఊళ్లలో తిరిగే అసలు ప్రమాదం వేరే ఉంది. బియ్యపు గింజలను లాగే రాయి, ఇరిడియం ఉన్న చెంబు, కోట్లు ఇచ్చే విదేశీ కంపెనీ అంటూ రైస్ పుల్లింగ్ ముఠాలు భూములమ్మించి కుటుంబాలను ముంచాయి. ఇప్పుడు అదే కథలో ఉల్క పేరు కూడా వినిపిస్తోంది. ఏ ఉల్కా బియ్యాన్ని లాగదు. ముందు టెస్టింగ్ ఫీజు కట్టమన్నవాడితో మాట్లాడకుండా పోలీసులకు చెప్పండి.

ఉల్క పడిన రోజు

ఆకాశంలో పెద్ద వెలుగు కనిపిస్తే అది పక్క చేలోనే పడ్డట్టు ఉంటుంది. నిజానికి ఆ వెలుగు నేలకు 20 కిలోమీటర్ల పైనే ఆరిపోతుంది, రాయి మిగిలితే చీకట్లో కింద పడుతుంది. అందుకే శబ్దం ముఖ్యం. వెలుగు తర్వాత ఉరుము లాంటి చప్పుడు వినిపిస్తే శకలాలు దగ్గరి ప్రాంతంలో పడి ఉండవచ్చు. నిమిషం తర్వాత వినిపిస్తే దూరం సుమారు 20 కిలోమీటర్లు. వెలుగు నిమిషం పైగా, నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా సాగితే అది రాకెట్ శిథిలం కావచ్చు. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర మీదుగా వెళ్లింది అదే. మన సరిహద్దుకు దగ్గరున్న చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు పడింది. అలాంటిదైతే ముట్టుకోకండి.

మామూలు ఉల్కాశకలం నేలకు చేరేసరికి నిప్పులా ఉండదు. దాని చుట్టూ గడ్డి కాలిపోయిందని ఎవరైనా చెబితే అనుమానించండి. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన రాయి పొలంలో చిన్న గుంత చేసి ముక్కలైంది. అది కార్బన్, నీటి జాడలున్న అరుదైన రకం. ఊరివాళ్లు, అధికారులు వెంటనే స్పందించబట్టి శాస్త్రవేత్తలకు తాజాగా అందింది. అలాంటి రాయి ఒక్క వానకు తడిసినా చాలా సమాచారం పోతుంది.

కాబట్టి రాయి కనిపిస్తే ముందు ఉన్నచోటే ఫొటో తీయండి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి. ఫోన్‌లో లొకేషన్ భద్రపరచండి. ఉత్త చేతులతో పట్టుకోవద్దు, కొత్త అల్యూమినియం ఫాయిల్‌తో ఎత్తి అందులోనే చుట్టండి. కడగొద్దు. పసుపు, కుంకుమ పెట్టి పూజ చేయాలనిపించడం సహజమే, కానీ అవి రాయి సందుల్లోకి ఇంకిపోతాయి. దూరం నుంచి దండం పెట్టుకోండి. సమయం, వెలుగు వచ్చిన దిక్కు, వెళ్లిన దిక్కు, చప్పుడు ఎంతసేపటికి వినిపించిందో చూసినవాళ్లందరి మాటల్లో అదేరోజు రాసుకోండి.

తర్వాత తహశీల్దారుకు చెప్పి, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తెలపండి. మన దేశంలో దొరికిన ఉల్కలకు సంరక్షక సంస్థ అదే. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది, కాబట్టి తెలుగు రాష్ట్రాలవాళ్లకు పెద్ద దూరం కాదు. పడుతుండగా చూడని, అనుమానం మాత్రమే ఉన్న రాయి అయితే ముందు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లాంటి చోట భూగర్భశాస్త్ర విభాగంలో ఎవరికైనా చూపించండి. మీరు చేసిన గీత, సాంద్రత పరీక్షల ఫలితాలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే వాళ్లు మిమ్మల్ని శ్రద్ధగా వింటారు.

నిజంగా ఉల్కే అని తేలితే దానికి దొరికిన ఊరి పేరే పెడతారు. 1976లో గుజరాత్‌లో పడింది ధజాలా, 2012లో నాగపూర్ దగ్గర పడింది కాటోల్. ఎక్కడో ఒక ప్రయోగశాలలో, మన ఊరు ఎక్కడుందో తెలియని శాస్త్రవేత్త కూడా ఆ పేరుతోనే ఆ రాయి గురించి రాస్తాడు. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన యాటూర్ ఇప్పటికే ఆ జాబితాలో ఉంది.